రెండోసారి చదివిన బిల్లు

కుందుర్పిలో కరెంటు పోయిన మధ్యాహ్నం
పంచాయతీ ఆఫీసు మెట్ల మీద కూర్చొని
మూడువందల యాభై ఏళ్ల కిందటి సభకు హాజరవుతున్నాను.

ఎప్పుడో చరిత్రలో ఎమ్మే చేసినవాణ్ణి,
ఇప్పుడు తీర్మానాల పుస్తకం రాసే కార్యదర్శిని.
ఆనాటి ఇంగ్లండు సభ ఒక్కరోజు చిట్టా
జిరాక్సు తీసి పెట్టుకున్నాను,
వాళ్ల గుమాస్తా ఎలా రాశాడో చూద్దామని.

నాలాగే రాశాడు.
ప్రార్థన అయింది.
అప్పులు తీర్చడానికి ఒక దొర భూములమ్ముకునే బిల్లు
మొదటిసారి చదివారు.
ఏదో ఏటి మీద వంతెన: కమిటీకి.
సభను తూలనాడినవాణ్ణి పిలిపించి మోకాళ్ల మీద నిలబెట్టారు.
ఏమని తూలనాడాడో లేదు.
నేనూ రాయను. పోయిన నెల ట్యాంకరు బిల్లుల మీద
ఓబుళరెడ్డి లేచి అన్నవన్నీ
నా పుస్తకంలో రెండు మాటలు: "చర్చ జరిగినది."

ఆ తర్వాతి పద్దు
చచ్చినవాళ్లను ఉన్నిలోనే పూడ్చాలనే బిల్లు.
రెండోసారి చదివారు.

మెట్ల కింద నీడలో కదురు తిప్పుతున్న కెంచక్క
చెయ్యి ఆపింది.
"మళ్లా చదువప్పా."

చదివాను.
నారబట్ట పరదేశం నుంచి దిగుతోందట,
సొంతూళ్లో గొర్రెబొచ్చు మిగిలిపోతోందట,
అందుకని శవానికి తొడిగేది, చుట్టేది, పెట్టెలో పరిచేది,
కుట్టిన దారప్పోగుతో సహా గొర్రెదే కావాలట.
ఎనిమిది రోజుల్లో ఒకరొచ్చి ప్రమాణం చెయ్యాలి.
లేదా ఐదు పౌన్ల జుల్మానా.
ప్లేగుతో పోయినవాళ్లకు మాత్రం మినహాయింపు.

"కరువుతో పోయినోళ్లకో?"
"అది రాయలేదు."

నవ్వింది. ముక్కుపుడక కూడా నవ్వింది.
"శానా తెలివిగల్లోళ్లప్పా ఆ దొరలు!
బతికినోడు బేరమాడతాడు, సచ్చినోడు ఆడడు గదా.
ఆ సట్టమేదో మన మండలానికి తెప్పీ,
సొసైటీ గోడౌన్లో ఎలకలు కొరికే కంబళ్లు
సందేళకంతా ఖాళీ."

కమిటీ పేర్లు చదివాను. ముప్పై మంది.
కింద ఒక వాక్యం:
వచ్చినవారందరికీ మాట ఉంటుంది.

"అందరికీనా?"
"అందరికీ."

కాసేపు ఉన్ని పీచులో ముళ్లు ఏరింది,
ఒక్కొక్కటే, పల్లేరుకాయలు.
"ఐతే నాదీ ఒకటి రాసుకో.
మా మాళింగప్ప అరవై ఏండ్లు గుంతమగ్గంలో కాళ్లు పెట్టినోడు.
చింతగింజల గంజి వాసన సచ్చినా పోలేదు ఆయప్పకు.
మావోడు కళ్యాణదుర్గం పోయి పాలిస్టరు తెచ్చినాడు, తెల్లది, మెరస్తా ఉండె.
పెండ్లయిన ఏడు నేసిన కంబళి ఒకటుండాది ఇంట్లో.
అది కప్పండని పెద్దోళ్లు అడిగిరి.
యాడుందో తెలీదంటి.
దాని మీదనే కూకోనుంటి."

నేనేం అనలేదు.
వేపచెట్టు మీద కాకి కూడా.

"మట్టికెందుకియ్యల్ల?
చలికి కప్పుకునేది అదే నేను.
ఐదు పౌన్లంటే ఎన్ని గొర్రెలప్పా?"

ఆ కాలానికి పదో పన్నెండో అవుతాయేమో అన్నాను,
లెక్క తెలియని కార్యదర్శి లెక్క.

"ఆ దుడ్డు ఎవరికి పోతాది?"
మరుసటి కాగితం తిప్పాను.
సగం, తప్పు బయటపెట్టినవాళ్లకు.
సగం, ఆ ఊరి బీదలకు.

కెంచక్క కదురు మళ్లీ తొడకు రాసి వదిలింది.
"చెప్పిందీ నేనే.
బీదదీ నేనే.
ఈ చేత్తో తీసి ఆ చేత్తో పెట్టుకుంటా, పో."

కరెంటొచ్చింది. లోపల ఫ్యాను
తీర్మానాల పుస్తకం పేజీలు తనే తిప్పుకుంటోంది.
చిట్టాలో ఇంకా రెండు పద్దులున్నాయి,
ఉప్పు మీద సుంకం, ఎవరో సభ్యుడి సెలవు.